ఊకు, నూకు

మొన్న మంగళవారం శ్రావణి కంప్యూటర్ మీది నుంచి తల తిప్పకుండానే అడిగింది, "అక్కా, ఈ కాకా ఎవరు? ఏ ఫైలు తెరిచినా ఆయనే ఉన్నడు."

శ్రావణి మా ఆఫీసులో చేరి రెండు నెలలయింది. సూరత్‌లో కామ్‌రేజ్ దారిలో ఒక బిల్డింగు రెండో అంతస్తు మాది. చీర అంచు బొమ్మను మగ్గానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం రాస్తాం. ఏ దారం ఎప్పుడు పైకి లేవాలో మగ్గానికి చెప్పేది అదే. శ్రావణి కూడా నాలాగే సూరత్‌లోనే పుట్టి, మగ్గాల మధ్య పెరిగింది. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిపి మాట్లాడుతుంది, మూడింటినీ సమానంగా పాడుచేస్తుంది. నేనూ అదే బాపతు కాబట్టి ఏమీ అనను.

ఆమె చూస్తున్నది మా కోడు చరిత్ర. పదిమంది కలిసి ఒకే ప్రోగ్రాం రాసేటప్పుడు ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకునే పనిముట్టు ఒకటుంది. దాని పేరు గిట్. అందులో మా ఫైళ్లు ఏవి తీసినా సగం లైన్ల పక్కన కాకా అనే ఉంటుంది. ఆయన తన పేరు అలాగే పెట్టుకున్నాడు. ఆఫీసులో గుజరాతీ వాళ్లు వాళ్ల భాషలో కాకా అనేవారు, నేను మన భాషలో కాకా అనేదాన్ని, రెండింటా అర్థం చిన్నాన్నే. ఆయన రెండింటికీ ఒకేలా పలికేవాడు.

"చెప్త. ముందు చాయ్ తాగుదాం," అన్నాను. చాయ్ తాగాం కానీ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా, చేతులు మాత్రం పొడవు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట నాలుగైదు దారం ముక్కలు. కీబోర్డు పక్కన చిన్న రేకు డబ్బీలో బూడిద. ఆలోచన వచ్చినప్పుడల్లా బొటనవేలూ చూపుడువేలూ అందులో అద్ది, దారం ముక్కలు రెండు తీసి, చూడకుండానే మెలిపెట్టి కలిపేవాడు. తర్వాత అవే వేళ్లతో టైపు చేసేవాడు. ఆయన కీబోర్డు మీద అక్షరాలు బూడిదరంగులోకి తిరిగాయి. ఆఫీసు వాళ్లు ఏడాదికోసారి కొత్తది ఇచ్చేవారట.

వయసులో ఉన్నప్పుడు ఆయన పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోయాక బీము అనే పెద్ద కండెకు చుట్టి వచ్చిన కొత్త పడుగులోని ఒక్కో దారాన్ని పాత దారం కొసకు మెలిపెట్టాలి. వేల దారాలు. ఒక్కటి పక్కదానికి అతికినా చీర పొడుగునా గీత పడుతుంది. ఆ పని నుంచి కంప్యూటర్ దాకా ఎలా వచ్చాడో ఎప్పుడడిగినా "నడుచుకుంట వచ్చిన" అనేవాడు. అంతకుమించి నాకు తెలియదు.

నేను చేరిన రోజున నా లాప్‌టాప్ తీసి చూశాడు. అందులో నా కాలేజీ ప్రాజెక్టు ఉంది. ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్, సారు చూసిన ఫైనల్, దీన్ని ముట్టుకోవద్దు. కాకా ఆ పేర్లన్నీ పైకి చదివాడు, ఒక్కోదాని తర్వాత కాస్త ఆగి. నేను సిగ్గుతో చచ్చాను. ఆయన నవ్వలేదు.

"ఇండ్ల ఏది అసలుది బిడ్డా?" అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

అప్పుడు గిట్ నేర్పాడు. ఎవలు గిట్ల జేసిన్రు, ఎందుకు గిట్ల జేసిన్రు అని చెప్పేది గనుక దాని పేరు గిట్ అన్నాడు. ఆయన వేళాకోళమాడుతున్నాడని నాకు వారం తర్వాత తెలిసింది. అప్పటికే ఇద్దరికి అదే నిజమని చెప్పేశాను.

గిట్‌లో ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక ఇంటిమాట ఉండేది. ఉమ్మడి ప్రతిని చెడగొట్టకుండా విడిగా పని చేసుకోవడానికి ఒక శాఖ తీసుకుంటాం కదా, దాన్ని పాయ అనేవాడు. దాన్ని తిరిగి ఉమ్మడి ప్రతిలో కలపడం అతుకు. మన మార్పులు అందరిదాంట్లోకి పంపడం నూకుడు, అంటే నెట్టడం. పొద్దున పని మొదలుపెట్టే ముందు, మన దగ్గర మిగిలిన సగం సగం రాతలు తీసేసి అందరి ప్రతి నుంచి తాజాగా తెచ్చుకోవడం ఊకుడు. వాకిలి ఊకినట్టు, అంటే ఊడ్చినట్టు. "ఊకి కూసోవాలె, లేచేటప్పుడు నూకి లేవాలె" అని రోజుకోసారైనా అనేవాడు. ఒక్కో లైను ఎవరు రాశారో చూపే ఆదేశం ఒకటుంది. దాని ఇంగ్లీషు పేరుకు నింద అని అర్థం. ఆ పేరంటే కాకాకు మహా మంట. నింద ఏంది, పెండ్లి మాటలకు పోయినప్పుడు ఇంటిపేరు అడుగుతం గదా, ఇది గదే అనేవాడు.

మార్పు పక్కన రాసే చిన్న మాట దగ్గర మాత్రం వేళాకోళం లేదు. మేము 'మార్చాను' అనో 'సర్దుబాటు' అనో రాస్తే అతకనిచ్చేవాడు కాదు. అతికే తాళం, అంటే అతకనిచ్చే అధికారం, అప్పుడు ఆయన చేతిలోనే ఉండేది; అది మా మధ్య కట్టుబాటే, మిషన్‌లో అడ్డు ఏదీ లేదు. ఏం మార్చినవో మిషనే చెప్తది, ఎందుకు మార్చినవో నువ్వు చెప్పు అని వెనక్కి పంపేవాడు. "ఎందుకో రాయకుంటే మార్చినట్టు గాదు బిడ్డా, దాచినట్టు." ఒక రోజు నా మార్పును నాలుగుసార్లు వెనక్కి పంపాడు. నేను వాష్‌రూంలోకి వెళ్లి ఏడ్చి, బయటికొచ్చి, ఐదోసారి రాశాను. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం జొన్నరొట్టె నా మూత మీద పెట్టి వెళ్లాడు. పచ్చడి కూడా పెట్టాడు. నాకు కోపం తగ్గలేదు కానీ తిన్నాను.

ఇంకా మూడు నెలలు నిండలేదు, లాక్‌డౌన్ వచ్చింది.

మా ఇల్లు పాండేసరలో. బాపు రంగుల మిల్లులో చేస్తాడు. మిల్లు మూతపడింది, చుట్టూ మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినదాన్ని, అది ఆగేసరికి మధ్యాహ్నం కునుకు కూడా పట్టేది కాదు. ఇంట్లో నా ఒక్కదాని పనే నడుస్తోంది. బాపు పొద్దుటే స్నానం చేసి, మిల్లుకు వెళ్లే చొక్కా వేసుకుని, నేను లాప్‌టాప్ పెట్టుకున్న మంచం పక్కన కూర్చునేవాడు. ఎందుకని అడగలేదు. నా ఉద్యోగం ఆయన కళ్లముందు ఉండాలనుకున్నాడేమో.

కాకా సూరత్ శివారు ఉన్‌లో ఉండేవాడు. ఆయన గల్లీలో సగానికి పైగా మన ఊళ్ల వాళ్లే. బండ్లు దొరికినవాళ్లు బండ్ల మీద, రైళ్లు వేశాక రైళ్లలో, మధ్యలో నడిచీ వెళ్లిపోయారు. పోయేముందు తాళంచెవులు కాకా చేతిలో పెట్టారు. ఆయన ఒక్కో తాళంచెవికి దారంతో ఒక చీటీ కట్టాడు. ఎవరిది, ఏ రోజు ఇచ్చారు, ఏం చెప్పి ఇచ్చారు. వీడియో కాల్‌లో ఆయన వెనక గోడకు ఆ చెవులన్నీ వరసగా కనిపించేవి. ఒకసారి దగ్గరికి పట్టి చూపించాడు: 'పొయ్యి మీద పప్పుడబ్బల చీమలు వడ్తయట, ఎండకు పెట్టమన్నది.' ఇంకోదానిమీద: 'ఏం చెప్పలేదు. ఏడ్చిండు.'

ఇంకో సంగతి. గదిలో ఒక్కడే కూర్చున్నా వీడియో కాల్‌లో కాకా మాస్కు తీసేవాడు కాదు. తెర మీంచి రాదు కాకా అని నేనూ చెప్పాను, మాతోపాటు కోడు రాసే జిగ్నేష్ భాయ్ కూడా చెప్పాడు. ఆయన మాస్కు ఇంకాస్త పైకి లాక్కుని, "పదిమందిల గూసున్నప్పుడు పెట్టుకోవాలె అన్నరు గదా. ఇండ్ల పదిమంది ఉన్నరు," అనేవాడు. దాంతో ఆయన మాట ఎప్పుడూ సగమే వినిపించేది.

ఇక ఆ రోజు. మూడు వారాలుగా నా పాయలోనే మునిగి ఉన్నాను, నా దగ్గరున్న ఉమ్మడి ప్రతిని తాజా చేసుకోలేదు. పొద్దున కాకా ఫోన్ చేశాడు. లైను గరగరమంటోంది, పైగా మాస్కు. ఇయ్యాల నీ పాయ అతుకుదాం, ముందుగాల జర ఊకు అన్నాడట. నాకు నూకు అని వినిపించింది. సరే కాకా అని పెట్టేశాను.

నూకబోయాను. మిషన్ వద్దంది. నీ దగ్గర లేనివి ఇక్కడ ఉన్నాయి, ముందు అవి తెచ్చుకో అని స్పష్టంగా రాసి చూపింది. ఇంకోసారి నూకాను. మళ్లీ అదే మాట. పది గంటలకు మీటింగు. మా ఆఫీసు యజమాని శేఠ్ ఆ వారంలోనే ఇద్దరిని పని నుంచి తీసేశాడు, అందరిలోకీ కొత్తదాన్ని నేను. మీటింగు నాటికి నా పని లోపల ఉండాలన్న ఆత్రం. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటుంది మా అమ్మ, ఆడపిల్లలకు కూడా అది వర్తిస్తుందని ఆ రోజు తెలిసింది. బలవంతంగా నూకే ఆదేశం ఒకటుంది, కాకా నేర్పలేదు, నెట్‌లో వెతికి పట్టుకున్నాను. కొట్టాను. నిమిషంలో పోయింది. బాపుతో, అయిపోయింది బాపు అన్నాను కూడా.

అయిపోయింది అంటే నిజంగానే అయిపోయింది. నా పాత ప్రతి వెళ్లి అందరి ప్రతి మీద కూర్చుంది. ఐదుగురి మూడు వారాల పని కనిపించకుండా పోయింది. జిగ్నేష్ భాయ్ గ్రూపులో నాలుగు ప్రశ్న గుర్తులు పెట్టాడు. తర్వాత శేఠ్ రాశాడు, ఇది ఎవరి చెయ్యో సాయంత్రానికి నాకు తెలియాలి అని.

కాకాకు ఫోన్ చేశాను. ఏడుస్తూనే జరిగింది చెప్పాను. బాపు నా ముఖం చూసి నీళ్లు తెచ్చాడు.

"ఏడువకు. ఏడిస్తే స్పెల్లింగు తప్పుతవ్," అన్నాడు కాకా. ఈసారి మాస్కు తీశాడనుకుంటా, మాట గంటలా వినిపించింది. గిట్ దేన్నీ వెంటనే పారెయ్యదట. పోయినట్టు కనిపించే ప్రతి కూడా సర్వర్లో ఎక్కడో పడే ఉంటుంది, దాని గుర్తు తెలిస్తే లేపి నిలబెట్టొచ్చు. ఆ గుర్తు కొన్ని అంకెలూ అక్షరాలూ కలిసిన ముక్క. కాకా ఆ పొద్దున కూడా ఊకి, తాజా ప్రతి తెచ్చుకునే కూర్చున్నాడు కాబట్టి ఆయన దగ్గర అది ఉంది. ఆయనే నిమిషంలో సరిచేయగలడు. చెయ్యలేదు.

"నువ్వు తెంపినవ్, నువ్వే అతుకు. నేను జెప్త, రాసుకో. బీ, బీముల బీ. ఏడు. డీ, దారంల డీ. నాలుగు, మల్ల నాలుగు. ఏ, అచ్చుల ఏ. ఎఫ్..." ఇక్కడ ఆగి, "ఎఫ్, నీ ఫైనల్ల ఎఫ్," అన్నాడు.

నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వాను. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను. మొత్తం అరగంట పట్టింది. ఐదుగురి పనీ, ఒక్క లైను పోకుండా తిరిగి వచ్చింది.

చివర ఎందుకు అని రాయాల్సిన చోటు వచ్చింది. నేను 'సర్దుబాటు' అని రాశాను. కాకా తన వైపు నుంచి చూసి, జరిగింది జరిగినట్టు రాయి బిడ్డా అన్నాడు. నూకిన, తప్పయింది, మల్ల అతికిన అని రాస్తే చాలన్నాడు. రాస్తే శేఠ్ చదువుతాడు. నా పక్కన బాపు మిల్లు చొక్కాలో కూర్చుని ఉన్నాడు. నాకు పిచ్చి కోపం వచ్చింది. భయపడ్డవాళ్లకు వచ్చే కోపం.

"నువ్వే గదా కాకా నూకు అన్నవ్," అన్నాను.

"అన్ననా?" అన్నాడు.

"అన్నవ్."

"సరే బిడ్డా. గట్లనే ఉండనీ."

సర్దుబాటు అనే ఉంచి పెట్టేశాను. సాయంత్రం శేఠ్ ఫోన్ వస్తుందని కూర్చున్నాను. రాలేదు. మర్నాడూ రాలేదు. సోమవారం మీటింగులో శేఠ్ ఒక్క మాట చెప్పాడు, ఇకనుంచి అతికే తాళం కాకా దగ్గర కాదు, జిగ్నేష్ భాయ్ దగ్గర ఉంటుందని. కాకా మాస్కు లోంచి అచ్ఛా అన్నాడు. పన్నెండేళ్లుగా ఆ ప్రోగ్రాం కట్టిన మనిషి, ఆ రోజు నుంచి తన రెండు లైన్లు అతకడానికి జిగ్నేష్ భాయ్‌ని అడిగి వేచి ఉండేవాడు. నేనేమనుకున్నానో కూడా చెప్పాలి. పెద్దవాడయ్యాడు, చెయ్యి నెమ్మదించింది, అందుకే తీసి ఉంటారు అనుకున్నాను. నన్నెవరూ ఏమీ అనలేదన్న సంతోషంలో అంతకుమించి ఆలోచించలేదు. ఆ వారం చరిత్రను మళ్లీ ఎన్నడూ తెరవలేదు. నా సర్దుబాటు నాకే కనిపించకూడదని.

కాకా మాత్రం నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. ఊకినవా అని రోజూ అడిగేవాడు. ఆ తర్వాత ఆ మాటను రెండు ముక్కలు చేసి, ఊ... కినవా అని పలికేవాడు. నేను అది వయసు అనుకున్నాను.

మరుసటి ఏడాది రెండో వేవ్‌లో ఆయనకు కరోనా వచ్చింది. ఆసుపత్రి నుంచి నాకొక మెసేజ్ పెట్టాడు: నా పాయ సగంల ఉన్నది, ఎందుకు మార్చిన్నో రాసిపెట్టిన, జర చూసుకో. నేను నువ్వు వచ్చి చేసుకో కాకా అని రాశాను. ఆయన చూసినట్టు గుర్తు పడింది. ఆరు రోజులకు పోయాడు. ఎవరినీ రానివ్వలేదు. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని ఆయన పాయ తెరిచి, రాసిపెట్టినట్టే పూర్తి చేశాను. ఎక్కడా ఎవరినీ ఏమీ అడగాల్సిన పని రాలేదు.

తర్వాత ఉన్‌కు వెళ్లాను. కాకా భార్య, మా చిన్నమ్మ, గోడ మీది తాళంచెవులు ఒక్కొక్కటే తీసి, తిరిగొచ్చినవాళ్లకు ఇస్తోంది. ఆమెకు చదువు రాదు. చీటీలు నేను చదివి చెప్పాను. 'ఏం చెప్పలేదు. ఏడ్చిండు' అన్న చీటీ ఉన్న తాళంచెవిని, అది ఇచ్చిపోయినతనే వచ్చి తీసుకుని, చీటీ చదివించుకుని, చెవితోపాటు దాన్ని కూడా జేబులో పెట్టుకున్నాడు.

ఇదంతా శ్రావణికి చాయ్ దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పాను. నూకిన సంగతి తప్ప. తిరిగొచ్చి కూర్చున్నాక ఆమె తను అడగాల్సింది అసలు అది కాదంది. తను సొంతంగా నూకబోతే మిషన్ ఆపుతోంది, ఇంకొకరు చూసి సరే అనాలంటోంది. ఆ గడియ ఎవరు పెట్టారా అని నియమాల ఫైలు తెరిచి చూస్తే కాకా పేరుంది. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుంది, సరిగ్గా అర్థం కావడం లేదు, చదివి చెప్పక్కా అంది.

వంగి చూశాను. ముందు తేదీ కనిపించింది. నా సర్దుబాటు తర్వాత మూడు గంటలకు పెట్టింది అది.

పైకే చదివాను. "ఇకనుంచి ఒక్కరే నూకకుంట గడియ పెట్టిన. ఇంకొకలు జూసి సరే అంటెనే పోతది. పొద్దుగాల పిల్లకు ఊకు అని చెప్పిన, ఫోన్ల నూకు అని వినవడ్డది. తప్పు చెప్పిన నోటిది, విన్న చెవిది గాదు. గడియ ముందే పెట్టకపోవుడు గూడ నాదే. శేఠ్‌కు చెప్పిన."

శ్రావణి ఏదో అడిగింది. నాకు వినపడలేదు. ఏడేళ్ల పిల్లలా ఏడుపొచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది. మిషన్ రెండుసార్లు వద్దంటే వినకుండా, వెతికి మరీ బలవంతం చేసింది నేను. ఆయన నోటికీ నా చెవికీ మధ్య ఏం తప్పు జరిగినా, ఆ ఆదేశం కొట్టింది నా వేలు. అది ఆయనకు తెలుసు. గిట్ చూసేవాడికి తెలియకుండా ఉండదు. అయినా నేను మోపినదాన్ని అలాగే ఎత్తుకుని శేఠ్ దగ్గరికి మోసుకెళ్లాడు. తాళం ఇచ్చేసి వచ్చి, మర్నాటి నుంచి నాకోసం ఊ, నూ విడివిడిగా పలకడం మొదలుపెట్టాడు.

గిట్‌లో పాత మాటను మార్చడానికి కూడా ఆదేశం ఉంది. ఇప్పుడు అతికే తాళం నా దగ్గరే ఉంది. ఆ సర్దుబాటును తీసి నిజం రాయొచ్చు. ఆదేశం సగం టైపు చేశాను కూడా. కానీ అలా చేస్తే దాని తర్వాత ఉన్నవాటి గుర్తులన్నీ మారిపోతాయి, కాకా పెట్టినవన్నీ కొత్త గుర్తులతో మళ్లీ రాసినట్టవుతాయి. తుడిపేశాను.

ఇంకో వీలుంది. ఒక్క లైను కూడా మార్చకుండా ఒట్టి మాటను మాత్రమే చరిత్రలో చేర్చొచ్చు. అది చేశాను. ఎందుకు అన్న చోట ఇలా రాశాను: 'కాకా ఊకు అన్నడు. నేను నూకిన. మిషన్ వద్దన్నా నూకిన.'

నూకబోతే ఆగింది. కాకా గడియ తాళం ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. ఇంకొకరు చూసి సరే అనాలి. శ్రావణికి పంపాను.

"ఇండ్ల మార్పేం లేదు గదా అక్కా," అంది.

"లేదు. చదివి అతుకు."

ఆమె చదివింది. నా వైపు చూసి, మళ్లీ చదివింది. సరే అని నొక్కింది.